కేజ ఫీల్డ్స్: పిల్లల చేతికి ఇనుపచువ్వ ఇచ్చి చరిత్ర చెప్పే చోటు

ఐర్లాండ్‌లో ఉన్న మనవాళ్లని పిల్లలతో ఎక్కడికి వెళ్లొచ్చని అడిగితే క్లిఫ్స్ ఆఫ్ మోహర్ అంటారు, కిల్లార్నీ అంటారు, డబ్లిన్ జూ అంటారు. మేయో కౌంటీ ఉత్తర కొసన కేజ ఫీల్డ్స్ అని ఒక ప్రాచీన పొలాల చోటుందని చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇది రాస్తున్నాను. ఆరేడేళ్లు దాటిన పిల్లలు ఇంట్లో ఉంటే, వాళ్లు పెరుగుతున్న నేల గురించి వాళ్లకి నాలుగు సంగతులు తెలియాలని మీకుంటే, ఒక పూర్తి రోజు దీనికి పెట్టండి. బాలికాసిల్ ఊరు దాటి సముద్రం పక్కనే ఎనిమిది కిలోమీటర్లు పోతే రోడ్డు వారన పిరమిడ్ ఆకారంలో ఒక కట్టడం కనిపిస్తుంది. అదే సందర్శకుల కేంద్రం. 1993లో తెరిచారు, ప్రభుత్వానికి చెందిన ఆఫీస్ ఆఫ్ పబ్లిక్ వర్క్స్ నడుపుతుంది. లోపలి ప్రదర్శనంతా కొన్నేళ్ల కిందట కొత్తగా మార్చారు.

నేను మక్తల్ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి కాసిల్‌బార్‌లో నర్సు, అల్లుడు ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. ఎండలు ముదిరే వేళకి నేను ఇక్కడికి వచ్చేస్తాను. మనవరాలు ఫోర్త్ క్లాస్, మనవడు ఫస్ట్ క్లాస్. ఇద్దరూ ఇక్కడే పుట్టారు. బడిలో ఐరిష్ చదువుతారు, గేలిక్ ఫుట్‌బాల్ ఆడతారు, మేయో జట్టు ఓడిన రోజు అన్నం సరిగా తినరు. ఇది వాళ్ల ఊరు. కానీ వాళ్ల తోటి పిల్లలకి ఈ ఊరి సంగతులు ఇంట్లో తాతలు చెబుతారు. ఏ పొలం ఎవరిది, ఏ బావి దగ్గర మొక్కుకుంటారు, ఏ కరువులో ఏ ఇల్లు ఖాళీ అయింది, అన్నీ. మా పిల్లలకి చెప్పేదెవరు? మక్తల్ సంగతులైతే నేను చెబుతాను. మేయో సంగతులు చెప్పడానికి వాళ్ల అమ్మానాన్నలకే తెలియవు. ఈ లోటు తీర్చే చోటు కోసం నేను వెతుకుతుంటాను. ఇప్పటిదాకా నాకు దొరికినవాటిలో కేజ ఫీల్డ్స్‌కే మొదటి స్థానం.

అక్కడ ఏముందంటే, పైకి చూస్తే ఏమీ లేదు. కొండవాలు నిండా గోధుమరంగు గడ్డి, తడి నేల, గాలి, ఎదురుగా అట్లాంటిక్. ఉన్నదంతా నేల కింద ఉంది. ఐదువేల సంవత్సరాల పైచిలుకు కిందట, ఈజిప్టులో గిజా పిరమిడ్లు లేవకముందు, రైతులు ఇక్కడ అడవి కొట్టి, రాళ్లు ఏరి, పొలాల చుట్టూ గోడలు కట్టుకున్నారు. తర్వాత ఆ పొలాల మీదికి బోగ్ పెరిగింది. ఐర్లాండ్‌లో ఉన్నవాళ్లకి బోగ్ తెలుసు, ఇండియాలో చదివేవాళ్ల కోసం చెబుతున్నాను. విపరీతంగా వాన పడి నీరు ఇంకని నేలలో చచ్చిన మొక్కలు కుళ్లవు. ఒకదాని మీద ఒకటి పేరుకుని నల్లటి మెత్తటి పొరగా మారతాయి. ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగదు ఆ పొర. అయినా ఇక్కడ కొన్నిచోట్ల నాలుగు మీటర్ల మందం ఉంది. దాన్ని కోసి ఎండబెడితే టర్ఫ్, అంటే పొయ్యిలోకి వంటచెరకు. మేయోలో ఇప్పటికీ కొన్ని ఇళ్ల పొగగొట్టాల నుంచి ఆ వాసన వస్తుంది.

ఆ బోగ్ కింద వెయ్యి హెక్టార్లకి పైగా పొలాలు, వంద కిలోమీటర్లకి మించిన రాతిగోడలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. గోడలు కూలాయి గానీ ఎవరూ ఎత్తుకుపోలేదు. ఎత్తుకుపోవడానికి ఎవరికీ కనిపించలేదు కాబట్టి.

వీటిని కనిపెట్టిన తీరు నేను పిల్లలకి కారులోనే చెప్పాను. మీరూ చెప్పండి, అది తెలిసి వెళ్తే అక్కడ చూసేదానికి విలువ పెరుగుతుంది. పక్కనే బెల్డరిగ్ అనే ఊరుంది. ఆ ఊళ్లో పాట్రిక్ కాల్‌ఫీల్డ్ అని బడిపంతులు. ఊళ్లో అందరిలాగే ఆయనా తన ఇంటికి కావలసిన టర్ఫ్ తానే కోసుకునేవాడు. కోస్తూ కోస్తూ అడుగుకి చేరినప్పుడు పార రాళ్లకి తగిలేది. రాళ్లు అందరికీ తగిలేవి. ఆయన మాత్రం ఆగి చూశాడు. ఆ రాళ్లు చెల్లాచెదురుగా లేవు, మనుషులు పేర్చినట్టు వరసలో ఉన్నాయి. పైగా బోగ్ కింద, అసలు మట్టి మీద ఉన్నాయి. అంటే బోగ్ పుట్టకముందే ఎవరో పేర్చి ఉండాలి. 1934లో డబ్లిన్‌లోని నేషనల్ మ్యూజియానికి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరంతో వెంటనే తవ్వకాలేమీ మొదలవలేదు. దశాబ్దాలు గడిచాయి. ఆయన కొడుకు షేమస్ తండ్రి చూపించిన ఆ రాళ్ల మధ్యే పెరిగి, పురావస్తుశాస్త్రం చదివి, తిరిగి తన సొంత ఊరికి వచ్చాడు. 1970ల నుంచి ఆ గోడల్ని ఒక్కొక్కటే బయటపెట్టాడు.

ముప్ఫై ఏళ్ల పైన పల్లెటూరి బడిలో పనిచేసిన నాకు ఈ కథ ఎంత నచ్చిందో చెప్పలేను. పెద్ద పరికరాలు లేవు, డబ్బు లేదు. చేసే పనిలో చేతికి తగిలినదాన్ని గమనించి, ఎందుకిలా ఉందని అడిగి, కాగితం మీద పెట్టి పంపాడు. పిల్లలకి చరిత్ర నేర్పడమంటే ఈ మూడు పనులూ నేర్పడమే. తేదీలు తర్వాత అవే వస్తాయి.

ఇక కేంద్రం దగ్గరికి వస్తే, టికెట్ తీసుకోగానే లోపలి బొమ్మల దగ్గరికి పోకండి. ముందు గైడ్‌తో బోగ్ మీదికి వెళ్లండి. మాతో వచ్చినావిడ ఆ ప్రాంతం మనిషే, టర్ఫ్ కోతలు చూస్తూ పెరిగానని చెప్పింది. చేతిలో పొడవాటి ఇనుపచువ్వ ఉంది, పైన పట్టుకోవడానికి అడ్డంగా పిడి. ఇది పురావస్తు శాఖ వాళ్లు తయారు చేయించిన సాధనం కాదట. బోగ్ కింద పూడిపోయిన పాత చెట్ల మొద్దులు ఇంటి దూలాలకీ వాసాలకీ పనికొస్తాయని ఊరివాళ్లు వెతుక్కునేవారు, ఆ వెతుకులాటలో వాడే చువ్వ. షేమస్ కాల్‌ఫీల్డ్ అదే తీసుకుని గోడల్ని వెతికాడు. తవ్వక్కర్లేదు, బోగ్‌ని పాడుచేయక్కర్లేదు. గుచ్చుకుంటూ పోవడమే.

ఆవిడ మొదట తాను గుచ్చి చూపించింది. చువ్వ మెత్తగా దిగిపోయి ఎక్కడో అడుగున మట్టికి ఆనింది, చప్పుడు లేదు. నేలకి సమంగా చువ్వ మీద వేలు పెట్టి, బయటికి లాగి, లోతు ఎంతో పిల్లలకి చూపించింది. ఒక అడుగు పక్కకి జరిగి మళ్లీ గుచ్చింది. అంతే లోతు. ఇంకో అడుగు జరిగి, ఈసారి చువ్వ మా మనవడి చేతికిచ్చింది. వాడి బరువు చాలలేదు, వాళ్లక్క కూడా చెయ్యి వేసింది. ఇద్దరూ పిడి మీద వేలాడారు. సగం దూరం కూడా దిగకుండా 'టక్' మని ఆగింది. రాయి తగిలిన అదురు పిడి దాకా వచ్చింది. మనవడు చేతులు వదిలేసి నా వైపు చూశాడు. "అమ్మమ్మా, లోపల ఎవరో ఉన్నారు!" అన్నాడు.

అక్క వాడిని సరిదిద్దలేదు. ఇంకో అడుగు పక్కన గుచ్చింది, మళ్లీ టక్. ఇంకో అడుగు, చువ్వ లోతుకి దిగిపోయింది. "ఇక్కడితో గోడ అయిపోయింది, దీని వెడల్పు ఇంతే" అంది. ఆమెకి ఎవరూ చెప్పలేదు. గైడ్ నవ్వి, తగిలిన చోట్ల గుర్తుకి కర్రలు పాతుతామని, అలా పాతుకుంటూ పోతే కొండ మీద గోడ గీతలా కనిపిస్తుందని వివరించింది. చుట్టూ చూస్తే నిజంగానే కొండవాలు మీద కర్రల వరసలు పైకి పాకుతున్నాయి. అంతదాకా ఖాళీ గడ్డినేలగా ఉన్నది పిల్లల కళ్లకి పొలాలుగా మారిపోయింది.

ఇక్కడ ఒక మాట. చువ్వ ప్రతి పిల్లవాడి చేతికీ అదే రావాలని లేదు, జనం ఎక్కువుంటే గైడ్ తానే చేసి చూపించవచ్చు. జనం పలచగా ఉండే ఉదయం వేళ వెళ్లండి, మర్యాదగా అడగండి. ఈ ఒక్కటి చేయకపోతే సగం పోయినట్టే.

గోడలు చెప్పే సంగతులు చాలా ఉన్నాయి. పొడవాటి గోడలు ఒకదానికొకటి సమాంతరంగా, కొన్ని రెండు కిలోమీటర్ల దాకా కొండ మీదికి సాగుతాయి. వాటి మధ్య దూరం నూట యాభై నుంచి రెండొందల మీటర్లు. అడ్డగోడలతో ఆ పట్టీలని పొలాలుగా విడగొట్టారు. ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు కట్టుకుంటే ఇలా రావు, అందరూ కూర్చుని మాట్లాడుకుని ఉండాలి. ఇళ్లు ఒక్కచోట గుంపుగా లేవు, పొలాల మధ్య విడివిడిగా ఉన్నాయి. కోటలు, బురుజులు కనిపించలేదు. ఎక్కువగా పశువుల కోసమే ఈ పొలాలు, కొంత మేర గోధుమ, బార్లీ కూడా పండించారు. గైడ్ ఇవన్నీ తానే గబగబా చెప్పేయకుండా పిల్లల్ని అడిగి రాబట్టింది. "గోడ ఇంత పొట్టిగా ఉంటే దేన్ని ఆపడానికి?" అంటే మా మనవరాలు "ఆవుల్ని" అంది. "పక్కింటివాళ్లతో గొడవ ఉంటే గోడ ఎలా కడతారు?" అంటే ఇంకో కుటుంబం పిల్లవాడు "ఇంకా ఎత్తుగా" అన్నాడు. పాఠం చెప్పడం వచ్చిన మనిషి అలా అడుగుతుంది.

వయసు విషయంలో పండితులకి వాదులాట ఉంది. కేంద్రం చెప్పేది రాతియుగపు రైతుల లెక్క. 2017లో ఒక పరిశోధకుడు ఆ ఆధారాలన్నీ మళ్లీ పరిశీలించి, గోడలు అంతకంటే తర్వాతి కాలానివి కావచ్చని వాదించాడు. దీన్ని పిల్లలకి చెప్పకుండా దాచక్కర్లేదు. పెద్దవాళ్లు కూడా ఇంకా వెతుకుతూనే ఉన్నారని తెలిస్తే పిల్లలకి హుషారు వస్తుంది. ఇంటికి వెళ్లేటప్పుడు మా మనవరాలు "అయితే నేను పెద్దయ్యాక తేల్చవచ్చు" అంది. ఆ మాట నాకు టికెట్ డబ్బుకి పదింతలు.

రైతులు ఎందుకు వదిలి వెళ్లారన్నది కూడా చర్చించుకోవాల్సిన ప్రశ్నే. చెట్లు కొట్టేశారు, వానలు ఎక్కువయ్యాయి, నేల నీరు పట్టేసింది, బోగ్ కమ్ముకొచ్చింది. ఒక్కరోజులో ఏమీ జరగలేదు. ఒక తరానికి పొలం కొంచెం తడిగా అనిపించి ఉంటుంది, తర్వాతి తరానికి పశువులు దిగబడి ఉంటాయి. రైతు కుటుంబాల నుంచి వచ్చిన మనవాళ్లకి ఈ సంగతి పిల్లలకంటే ఎక్కువ తగులుతుంది. మా అల్లుడి నాన్నగారిది అనంతపురం వైపు, నీళ్లు చాలక బోర్లు ఎండి పొలం వదిలిన ఇల్లు. నీళ్లు ఎక్కువై పొలం వదిలినవాళ్ల కథ వింటూ అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కేంద్రం లోపల మధ్యలో ఒక స్కాట్స్ పైన్ చెట్టు మాను నిలబెట్టారు. నాలుగువేల మూడొందల ఏళ్ల నాటిది, బోగ్ లోంచి తీశారు. బోగ్‌లో గాలి ఆడదు, నీరు పుల్లటి ఆమ్ల గుణంతో ఉంటుంది, అందుకే చెక్క కుళ్లకుండా నిలిచింది. దాని వేళ్లు, కొమ్మలు చూడటానికి పిల్లలు మెట్లు ఎక్కుతూ దిగుతూ తిరిగారు. పుప్పొడి గురించిన భాగం పెద్దపిల్లలకి బాగుంటుంది. బోగ్ పొరల్లో చిక్కుకున్న పుప్పొడిని మైక్రోస్కోపు కింద లెక్కపెట్టి, ఏ కాలంలో అడవి తగ్గి గడ్డి పెరిగిందో చెబుతారు. మిగతా బొమ్మలు, తెరలు ఉన్నాయి, బాగున్నాయి. పైన అద్దాల గది ఉంది, అక్కణ్నుంచి చుట్టూ కనిపిస్తుంది. వాన పడితే అక్కడ కూర్చుని టీ తాగి వచ్చినా మంచిదే.

ప్రకృతి విషయానికి వస్తే, బోగ్ మీద చెక్కబాట పక్కన మోకాళ్ల మీద కూర్చోవడం ముఖ్యం. నిలబడి చూస్తే అంతా ఒకటే గోధుమరంగు. కూర్చుంటే సన్‌డ్యూ కనిపిస్తుంది. మా పిల్లలకి ఆ రోజు రెండో గొప్ప సంగతి ఇదే. చిటికెన వేలి గోరంత గుండ్రటి ఆకు, ఆకు నిండా ఎర్రటి నూగు, ప్రతి నూగు కొసన జిగురు బొట్టు. వేసవిలో ఎండ పడితే మంచుబొట్టులా మెరుస్తుంది. మేము చూసిన మొక్కకి ఒక ఆకు మీద దోమకంటే చిన్న పురుగు అంటుకుని ఉంది, ఒక కాలు ఇంకా కదులుతోంది. చుట్టూ ఉన్న నూగు దాని మీదికి వంగి ఉంది. మనవడు ఊపిరి బిగబట్టి చూశాడు. "పాపం అమ్మమ్మా, తీసేద్దామా?" అన్నాడు. వాళ్లక్క "తీసేస్తే మొక్క ఏం తింటుంది?" అంది. బోగ్‌కి వాననీరే ఆధారం, ఆ నీళ్లలో నత్రజని లాంటి పోషకాలు దాదాపు ఉండవు. అందుకే ఈ మొక్క పురుగుల్ని పట్టి బతుకుతుంది. ఇద్దరి మాటా సరైనదే అని చెప్పి, ముట్టుకోవద్దని ఆపాను.

స్ఫాగ్నమ్ నాచు కూడా చూపించండి. స్పాంజీలాగా నీరు పట్టి ఉంచేది, అసలు బోగ్‌ని కట్టేది ఆ నాచే. తెల్లటి దూది కుచ్చుల్లా ఊగే బోగ్ కాటన్, ఊదారంగు హెదర్ పూలు కాలాన్ని బట్టి ఉంటాయి. చెక్కబాట దిగకూడదు. అది పిల్లల క్షేమం కోసం, బోగ్ క్షేమం కోసం కూడా.

రోడ్డు దాటితే సముద్రం మీదికి చూసే వేదిక ఉంది. కొండచరియలు నూట పది మీటర్ల ఎత్తు. రాతిపొరలు స్పష్టంగా కనిపిస్తాయి, ముప్ఫై కోట్ల ఏళ్లకి పైబడినవి. చరియల మీద ఫుల్మర్ పక్షులు రెక్కలు ఆడించకుండా గాలి మీద తేలుతుంటాయి. ఐదువేల ఏళ్లకే తలతిరిగిన పిల్లలకి ఆ కోట్ల సంఖ్య అందదు. నేను ఒత్తి చెప్పలేదు, పక్షుల్ని చూడనిచ్చాను.

అక్కడితో ఆపేయకుండా తిరుగుదారిలో బాలికాసిల్ నుంచి డౌన్‌పాట్రిక్ హెడ్‌కి వెళ్లండి. తీరానికి ఎదురుగా సముద్రంలో డూన్ బ్రిష్టె అనే రాతిస్తంభం నిలబడి ఉంటుంది. ఒకప్పుడు నేలతో కలిసే ఉండేదని, 1393లో తుఫానుకి విడిపోయిందని చెబుతారు. ఊరివాళ్ల కథ వేరు. క్రోమ్ దువ్ అనే నాయకుడు, ఐర్లాండ్‌లో క్రైస్తవం ప్రచారం చేసిన సెయింట్ పాట్రిక్ మాట వినలేదు, ఆయన చేతికర్రతో నేల మీద కొడితే ఆ ముక్క విరిగిపోయి క్రోమ్ దువ్ దాని మీదే చిక్కుకుపోయాడు. మనవడికి ఈ రెండో కథే కావాలి, నాకూ అభ్యంతరం లేదు. 1980ల మొదట్లో షేమస్ కాల్‌ఫీల్డ్ బృందం హెలికాప్టర్‌లో దాని మీద దిగితే పాత కట్టడాల రాళ్లు నిజంగానే దొరికాయి. ఆ బృందంలో తండ్రి పాట్రిక్ మాస్టారు కూడా ఉన్నారు, అప్పటికి బాగా పెద్దవయసు. ఆ ముచ్చట నేను పిల్లలకి రెండుసార్లు చెప్పాను.

అదే చోట నేల మీద తెల్లరాళ్లతో పేర్చిన 'ఎయిర' అనే పేరు, 64 అనే అంకె ఉంటాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఐర్లాండ్ ఏ పక్షమూ చేరలేదు. ఇది ఐర్లాండ్ నేల అని పైన ఎగిరే విమానాలకి తెలియాలని తీరం పొడవునా అలా రాశారు, ఒక్కోదానికి ఒక్కో అంకె. పిల్లలు ఆ అక్షరాల వెంట నడిచి చూశారు. డౌన్‌పాట్రిక్ హెడ్ దగ్గర చరియ అంచుకి పిట్టగోడ లేదు. చిన్నపిల్లల చెయ్యి ఒక్క క్షణం కూడా వదలవద్దు. గాలి గట్టిగా ఉంటే అసలు దిగకండి.

ఇంకో కౌంటీలో ఒక హెరిటేజ్ సెంటర్‌కి కూడా వెళ్లాం, పేరు అనవసరం. అక్కడ లోపలికి అడుగుపెట్టగానే పిల్లల చేతికి క్విజ్ కాగితం ఇచ్చారు. పది ప్రశ్నలు, పది పెట్టెలు, చివర్లో స్టిక్కర్. పిల్లలు ఏ వస్తువు ముందూ నిలబడలేదు, జవాబు ఎక్కడ రాసి ఉందో వెతుకుతూ పరుగెత్తారు. బయటికొచ్చాక ఏం చూశారని అడిగితే స్టిక్కర్ చూపించారు. పిల్లల కోసమని చేసేవాటిలో ఎక్కువ భాగం ఇలాగే ఉంటున్నాయి, నాకు బాధ కలిగేది అందుకే. మా మక్తల్ పక్కనే కృష్ణ ఒడ్డున వేల ఏళ్ల నాటి ముడుమాల్ నిలువురాళ్లున్నాయి, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. ఆ రాళ్ల మధ్య పశువుల్ని మేపుకునే పిల్లలకి పాఠ్యపుస్తకం మొహంజొదారో చెప్పింది గానీ ముడుమాల్ చెప్పలేదు. కేజ ఫీల్డ్స్‌లో ఒక ఊరి బడిపంతులి చూపునే పాఠంగా మార్చారు. ఇలాంటిది మా దగ్గరా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఇంటికి వచ్చాక చేయదగ్గ పని ఒకటుంది, డబ్బు ఖర్చు లేదు. 1937 నుంచి 1939 వరకు ఐర్లాండ్ ప్రభుత్వం ప్రాథమిక బడుల్లో ఐదు, ఆరు తరగతుల పిల్లలకి ఒక పని అప్పజెప్పింది. ఇళ్లలో ముసలివాళ్లని అడిగి ఊరి కథలు, వైద్యాలు, వాన జోస్యాలు, పాత పనిముట్ల సంగతులు నోటుపుస్తకాల్లో రాసుకు రమ్మంది. ఐదువేల బడులు, దాదాపు యాభైవేల మంది పిల్లలు రాశారు. ఆ పుస్తకాలన్నీ ఇప్పుడు దూకస్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా చూడొచ్చు, పిల్లల చేతిరాతతో సహా. కౌంటీ, ఊరు, బడి పేరుతో వెతుక్కోవచ్చు. మేము మా ఇంటికి దగ్గర్లోని బడులు వెతికాం. తన వయసు పిల్ల ఎప్పుడో రాసిన పేజీలో రోజూ నడిచే దారి పేరు కనిపించేసరికి మనవరాలు కుర్చీలోంచి లేచింది. మర్నాడు నోటుపుస్తకం పట్టుకుని పక్కింటి పెద్దాయన దగ్గరికి వెళ్లి టర్ఫ్ ఎలా కోసేవారో అడిగి రాసుకొచ్చింది. ఏప్రిల్, మేలో కోయడం, నిలబెట్టి ఎండబెట్టడం, ట్రాక్టర్‌లో ఇంటికి తేవడం, అంతా. ఆయన చిన్నతనంలో గాడిద మీద తెచ్చేవారట. ఆయన అంతసేపు మాట్లాడటం మా అమ్మాయి అంతకుముందు చూడలేదు.

టర్ఫ్ పనిముట్లు కళ్లారా చూడాలంటే కాసిల్‌బార్ దగ్గర టర్లోలో నేషనల్ మ్యూజియం వాళ్ల కంట్రీ లైఫ్ శాఖ ఉంది, ప్రవేశం ఉచితం. అది ఇంకో రోజుకి పెట్టుకోండి. రెండూ ఒకేరోజు పెడితే పిల్లలు అలిసిపోతారు.

ఇక వెళ్లే ఏర్పాట్లు. కాసిల్‌బార్ నుంచి బాలినా మీదుగా కారులో గంటకి కొంచెం పైన. బస్సుల మీద ఆధారపడితే కుదరదు. కేంద్రం చలికాలంలో మూసి ఉంటుంది, వెళ్లేముందు తేదీలు చూసుకోండి. ఆఫీస్ ఆఫ్ పబ్లిక్ వర్క్స్ హెరిటేజ్ కార్డ్ ఉంటే ఇక్కడ చెల్లుతుంది, ఏడాదిలో ఇలాంటివి మూడు నాలుగు చూసే కుటుంబానికి కార్డే లాభం. జూలైలో కూడా వాన కోటు, టోపీ, మందపాటి సాక్సులు తప్పనిసరి, పిల్లలకి వెల్లింగ్టన్ బూట్లు. గాలి లేని రోజు మిడ్జెస్ అనే చిన్న పురుగులు కుడతాయి, చేతులు కప్పే చొక్కా వేయండి. టీ రూమ్‌లో టీ, కేకుల్లాంటివి దొరుకుతాయి. మన పిల్లల ఆకలికి మాత్రం పులిహోర, పెరుగన్నం కట్టుకుపోవడం మేలు. మేము కారులోనే కూర్చుని తిన్నాం, బయట గాలికి ప్లేటు నిలవదు. నాలుగేళ్ల లోపు పిల్లలకి చువ్వ సంగతి, గోడల సంగతి అందవు, వాళ్ల కోసమే అయితే ఇంత దూరం వద్దు. మోకాళ్ల నొప్పులున్న నాలాంటివాళ్లు చెక్కబాట వరకు నిదానంగా నడవగలరు, కొండ పైదాకా ఎక్కక్కర్లేదు. ఐదుకి ఐదు ఇస్తున్నాను.